పన్ను

సోల్జర్‌పేట దిగువన
కాలవ తవ్వుతుంటే బయటపడిందట ఈ దవడ.
సిమెంటు సంచిలో చుట్టి
మునిసిపాలిటీ కుర్రాడు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"సంతకం పెట్టండి మేడమ్, మళ్ళీ నన్ను అడగొద్దు."

ఎవరిదో తెలీదు. వందేళ్ళో, నూటయాభయ్యో.
మట్టికి కట్టాల్సిందంతా కట్టేసి
ఈ ఒక్క పన్ను మాత్రం ఎగ్గొట్టారెవరో.

ముఖానికి గుడ్డ, చేతులకి రెండేసి తొడుగులు.
అది నన్ను అంటుకుంటుందని కాదు,
నేను దాన్ని అంటుకుంటానని.
నా ఒక్క తుమ్ము చాలు
అది దాచుకున్న మాట చెరిగిపోవడానికి.

సన్నటి బరమా తిరిగితే
బియ్యప్పిండిలాంటి పొడి,
కూరలో వేసే ఉప్పంత కూడా లేదు.
ఒకప్పుడు నెత్తురు తిరిగిన గదిది.
ఆఖరి రోజు జ్వరం
తలుపేసుకుని ఇక్కడే ఉండిపోతుందంటారు.

మా తాత తెడ్డు పరసన్న
రేవులో ఎలుకల రేకులు కట్టేవాడు.
ఓడని గట్టుకి బిగించిన మోకు మీద
పళ్ళెమంత గుండ్రటి రేకు.
ఎలుక నడిచొచ్చి, రేకు కాడ ఆగి,
కింద నీళ్ళు చూసి వెనక్కి పోవాల.
"ఓడ సిన్నదేటి, పెద్దదేటి,
ఎలక్కి మోకే రాజబాట" అనేవాడు.
ఏ కెప్టెనూ ఆయన పేరడగలేదు.
ఎలుకలు మాత్రం గుర్తుపట్టేవని
మా అమ్మమ్మ నవ్వేది.

ఆమె చిన్నప్పుడు విన్న మాట ఇంకోటి:
అటక మీంచి ఎలుక రాలితే ఇల్లు విడిచెయ్యాల.
గజ్జల్లో బిళ్ళ కడితే
ఎవరూ గుమ్మం తొక్కరు.
అమ్మవారికి ఘటాలెత్తి
డప్పులతో పొలిమేర దాటించేవారు.
పొలిమేర అవతల కూడా ఒక ఊరుందని
ఆ రాత్రి ఎవరికీ గుర్తుండదు.

యంత్రం చదువుతోంది.
మనకి యాభై ఆరు అక్షరాలు, దీనికి నాలుగే.
గుణింతం లేదు, ఒత్తు లేదు.
ఆ నాలుగింటితోనే రాసుకుంది
ఇన్ని ఊళ్ళ చావుకబురు.

మొదట్లో ఇదొక చిల్లర రోగం,
రెండు పూటలు గంజి తాగితే పోయే కడుపునొప్పి.
అయిదు వేల ఏళ్ళ కిందట
గడ్డి మైదానాల్లో పశువుల్ని తోలుకెళ్ళిన వాళ్ళ పళ్ళలో
దొరికేనాటికే చంపడం నేర్చింది,
గెంతడం ఇంకా నేర్వలేదు.
తర్వాతెప్పుడో ఒక తునక కలిసొచ్చింది,
ఎలుక బొచ్చులోని పురుగు పొట్టలో
అరగకుండా బతకడానికి.
కొన్ని పాత విద్యలు పారేసుకుంది కూడా.
పారేసుకున్నకొద్దీ బలిసింది.
మా తాతైతే, బరువు దించిన తెప్ప అనేవాడు.

ఆ తెప్ప
మంచుకొండల నడిమి సరస్సు పక్కన
సమాధిరాళ్ళ మీద 'తెగులు' అని చెక్కించుకుని,
చీనా కొండల్లో చాలా కాలం నిద్ర నటించి,
హాంకాంగ్‌లో ఓడెక్కి బొంబాయిలో దిగింది.
ఇక్కడికి?

మూడు సార్లు నడిపాను.
మట్టి పురుగులున్నాయి. నోటి పురుగులున్నాయి.
అది లేదు.
లేదంటే రాలేదని కాదు.
సంతకం పెట్టకుండా పోయుండొచ్చు.

పన్నుని డబ్బాలో పెడుతూ
దీపం కింద అటు తిప్పాను.
బయటివైపు తెల్లగానే ఉంది.
లోపలివైపు, నాలుక తగిలే చోట,
గోధుమరంగు కాలిన మరక.

అడ్డచుట్ట.
నిప్పు నోట్లోకి తిప్పి
పొగ పీల్చిన ఆడమనిషి.
చేపల గంప నెత్తిన పెట్టుకుని
గాలికి నిప్పు ఆరకుండా
నోరు మూసుకుని నడిచే మా అమ్మమ్మలాగే.

ఇంత యంత్రం ఆ మాట చెప్పలేదు.
రిజిస్టరులో రాశాను:
ప్లేగు, కనబడలేదు.
చుట్ట గురించి రాయడానికి గడి లేదు.
మార్జిన్‌లో రాశాను.

కిటికీ అవతల డాల్ఫిన్‌నోస్ నీడలో
ఏదో ఓడ మోకు విసురుతోంది.
రేకు కట్టారో లేదో
ఇంత దూరం నుంచి తెలీదు.